వంద గంటల వాయిదా

కొత్త స్పీకర్లు కొన్నవాళ్లకు దుకాణంలో బిల్లుతో పాటు ఓ మాట కూడా చేతిలో పెడతారు. ‘‘అప్పుడే ఏమీ అనుకోకండి సార్. కొత్త సరుకు కదా, ఇంకా బిగువు మీదుంది. ఓ వంద గంటలు పాడనీయండి... అప్పుడు చూద్దురుగాని దాని సత్తా!’’ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నవాళ్లకు ఇదే మాట మాన్యువల్‌లోనో, ఏదో వీడియోలోనో దొరుకుతుంది. యాభై గంటలు చాలంటారు కొందరు. వంద అంటారు ఇంకొందరు. మూడొందలనేవాళ్లూ ఉన్నారు. దీనికి బ్రేక్-ఇన్ అనీ, బర్న్-ఇన్ అనీ పేర్లు. మన మాటల్లో చెప్పాలంటే కొత్త వస్తువును వాడివాడి దారికి తెచ్చుకోవడం.

వినడానికి బాగానే ఉంది. కానీ ఒక్కసారి లెక్క వేస్తే అసలు సంగతి బయటపడుతుంది.

గిద్దలూరులో ఓ టీచరుగారు ఉన్నారనుకోండి. ఏడాదిపాటు చీటీ కట్టి, ఆ చీటీ పాడుకుని, నలభై వేలు పెట్టి ఓ జత స్పీకర్లూ యాంప్లిఫైయరూ తెప్పించుకున్నారు. కొనేముందు తీరిగ్గా కూర్చుని, నచ్చిన పాట వేయించుకుని వినే షోరూమ్ కావాలంటే ఆయన విజయవాడో హైదరాబాదో పోవాలి. ఒక్క పాట కోసం అంతదూరం ఎవరు పోతారు? చదివినదాన్ని నమ్మి డబ్బు కట్టారు. డబ్బా వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక ఇల్లంతా చుట్టూ చేరితే ఘంటసాల పాట పెట్టారు. గొంతు ముక్కుతో పాడినట్టుంది. మృదంగం దెబ్బలో బరువు లేదు. ‘‘నాన్నా, మన పాత టేప్‌రికార్డరే నయం’’ అన్నాడు కొడుకు. మర్నాడు ఫోన్ చేస్తే అటునుంచి వచ్చిన జవాబు తెలిసిందే... వంద గంటలు!

ఆయనకు బడి అయ్యాక, ట్యూషన్లయ్యాక పాటలకు దొరికేది రోజుకు రెండు గంటలు. వంద గంటలు కావాలంటే యాభై రోజులు. మూడొందల గంటలకైతే అయిదు నెలలు. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువును వెనక్కిచ్చే గడువు చాలాచోట్ల వారం, పది రోజులే. చట్టమూ ఏమంత ఎక్కువ సమయం ఇవ్వదు. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 ప్రకారం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వనంటే అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువేదీ రాయకపోతే 30 రోజులు లెక్క. టీచరుగారి యాభై రోజులు పూర్తయ్యేసరికి ఈ తలుపులన్నీ మూసుకుపోతాయి. మిగిలేది ఏడాది వారంటీ ఒక్కటే. వారంటీ కింద రిపేరు చేస్తారు గానీ డబ్బు తిరిగివ్వరు. ఆ రిపేరు కోసం పాతిక కిలోల డబ్బాను బస్సు టాపు మీద వేసుకుని సర్వీస్ సెంటర్ ఉన్న ఊరు వెతుక్కుంటూ పోవాలి.

అలాగని ఈ మాట చెప్పేవాళ్లందరూ మోసగాళ్లేం కాదు. చాలామంది నమ్మే చెబుతారు. వాళ్లకు ఇంకెవరో చెప్పి ఉంటారు. అందుకే వందలో నిజమెన్ని గంటలో, నమ్మకమెన్ని గంటలో తేల్చుకోవాలి.

నమ్మకానికి మూలం లేకపోలేదు. కొత్త మోటార్‌సైకిల్ కొంటే మొదటి వెయ్యి కిలోమీటర్లూ మెల్లగా నడపమంటారు. ఒకప్పుడు కొత్త కారు వెనక అద్దం మీద ‘రన్నింగ్ ఇన్’ అని రాసుకుని మరీ తిరిగేవాళ్లు. ఇంజిన్‌లో ఇనుమూ ఇనుమూ రాసుకుని ఒకదానికొకటి సర్దుకునే రోజులవి. కిర్రు చెప్పులూ అంతే. మొదట మడమను కొరుకుతాయి, వారం తర్వాత దారికొస్తాయి. దారికొచ్చింది చెప్పా, కాయకాచిన కాలా అన్నది వేరే సంగతి. స్పీకర్ల విషయంలో తేలాల్సిందీ అదే.

స్పీకర్‌లో కదిలేవి కొన్నే. గుండ్రంగా కనిపించే కోన్, దాని వెనక అయస్కాంతం సందులో ఊగే రాగితీగ చుట్ట (వాయిస్ కాయిల్), ఈ రెండింటినీ పట్టుకుని నిలబెట్టే రెండు ఊతాలు. ఒకటి కోన్ అంచున రబ్బరుతోనో, ఫోమ్‌తోనో చేసిన సరౌండ్. రెండోది లోపల కనిపించకుండా ఉండే స్పైడర్. పేరు సాలెపురుగే అయినా అది మడతలు మడతలుగా వత్తిన గుడ్డ. ఆ మడతలు చెదరకుండా రెజిన్‌లో ముంచి గట్టిపరుస్తారు. మన పంచెకు గంజి పెట్టినట్టన్నమాట.

గంజి పెట్టిన పంచె మొదట ఫెళఫెళమంటుంది. కట్టుకుని నాలుగడుగులు వేస్తే మెత్తబడుతుంది. స్పైడర్ కూడా మొదటిసారి గట్టిగా ఊగినప్పుడు అలాగే కాస్త వదులవుతుంది. రబ్బరు సంగతి తెలియాలంటే బుడగ ఊదితే చాలు. మొదటిసారి బుగ్గలు నొప్పి పుడతాయి. గాలి తీసేసి మళ్లీ ఊదితే సులువుగా ఉబ్బుతుంది. లియొనార్డ్ మలిన్స్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1940ల్లో రబ్బరులోని ఈ గుణాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. అందుకే దాన్ని మలిన్స్ ఎఫెక్ట్ అంటారు. ఇక్కడ గమనించాల్సింది సమయం. బుడగ మెత్తబడటానికి వంద గంటలు పట్టదు. ఒక్కసారి సాగితే చాలు.

ఊఫర్ కూడా అంతే. దానిలో రావాల్సిన మార్పులో ఎక్కువ భాగం మొదటి నిమిషాల్లో, మహా అయితే మొదటి కొన్ని గంటల్లో వచ్చేస్తుంది. పేరున్న కంపెనీల్లో డబ్బాకు ఎక్కించేముందే ప్రతి స్పీకర్‌నూ సన్నటి ధ్వని నుంచి లావుపాటి ధ్వని దాకా మోగించి పరీక్షిస్తారు. అంటే అది మన గడప తొక్కేలోపే కొంత ‘నలిగి’ ఉంటుంది. ఇంకో సంగతి. ఊఫర్ ఊతాలు వదులైనంత మాత్రాన డబ్బాలోంచి వచ్చే శబ్దం అదే లెక్కన మారిపోదు. డబ్బా లోపలి గాలి కూడా కోన్‌ను వెనక్కి నెడుతూ స్ప్రింగులా పనిచేస్తుంది. చిన్న డబ్బాలో ఈ గాలి పట్టే ఎక్కువ. అందుకే విడిగా కొలిస్తే కనిపించే తేడా, బిగించాక చెవికి చేరేసరికి బాగా పలచబడుతుంది.

పడమటి ప్రకాశం ఎండల్లో మరో తమాషా ఉంది. ఉష్ణోగ్రత పెరిగితే రబ్బరూ ఫోమూ వాటంతటవే మెత్తబడతాయి. డిసెంబరు తెల్లవారుజామున నల్లమల గాలికి బిగుసుకున్న స్పీకర్, మే నెల మధ్యాహ్నం నలభై మూడు డిగ్రీల్లో వదులవుతుంది. మళ్లీ చలికాలం వస్తే మళ్లీ బిగుస్తుంది. ఏటా వచ్చిపోయే ఈ మార్పును మాత్రం ఎవరూ పట్టించుకోరు!

మన డప్పుకు ఇది బాగా తెలుసు. వాయించేముందు మంట దగ్గర కాచి, తోలు బిగిసిందో లేదో వేళ్లతో కొట్టి చూసి మరీ భుజానికి తగిలిస్తారు. అది బిగిస్తే పలుకుతుంది, ఇది వదులైతే పలుకుతుందంటారు. అయితే డప్పు కాచేవాడు వంద గంటలు ఆగమనడు. తేడా అక్కడికక్కడే వినిపిస్తాడు.

మరి వంద గంటల తర్వాత నిజంగానే శబ్దం బాగుపడిందనేవాళ్లు అబద్ధం చెబుతున్నారా? లేదు. వాళ్లకు అలాగే వినిపిస్తుంది. కెనడా జాతీయ పరిశోధన మండలిలోనూ, తర్వాత హార్మన్ సంస్థలోనూ దశాబ్దాలపాటు స్పీకర్లను కొలిచి, మనుషులకు వినిపించి చూసిన ఫ్లాయిడ్ టూల్ దీని మీద చిన్న చురక వేశాడు. బ్రేక్-ఇన్ కథలన్నీ శబ్దం బాగుపడిందనే ముగుస్తాయేగానీ పాడైందని ఎవరూ చెప్పరేం అన్నది ఆయన ప్రశ్న. నిజమే కదా. రబ్బరు, గుడ్డ, జిగురు వాడకంతో మారుతుంటే ఆ మార్పు పదింట్లో నాలుగైదు చోట్లయినా చెడ్డవైపు పోవాలి. అన్ని ఇళ్లలోనూ మంచివైపే పోతోందంటే మారుతున్నది స్పీకరేనా అని అనుమానించాలి. మనిషి చెవి, దాని వెనకున్న మెదడు దేనికైనా అలవాటు పడతాయి. రైలుకట్ట పక్కన ఇల్లున్నవాళ్లకు రాత్రి బండి చప్పుడు వినపడదు. కొత్త కళ్లజోడు పెట్టుకున్న వారానికి నేల ఎగుడుదిగుడుగా కనిపించడం మానేస్తుంది. కళ్లజోడు మారిందా?

హెడ్‌ఫోన్ల మీదా ఇలాంటి పరీక్ష జరిగింది. అమెరికాకు చెందిన టిల్ హెర్ట్‌సెన్స్ 2011లో ఏకేజీ క్యూ701 అనే కొత్త హెడ్‌ఫోన్‌ను గంటల తరబడి మోగిస్తూ మధ్యమధ్యలో కొలిచాడు. తేడా కనిపించింది. కాకపోతే అతి స్వల్పం. హెడ్‌ఫోన్ చెవి మీద కాస్త పక్కకు జరిగితే వచ్చే తేడాయే అంతకంటే ఎక్కువ.

యాంప్లిఫైయర్ల గురించి పెద్దగా చెప్పుకోవాల్సిందేమీ లేదు. వేడెక్కి నిలకడకు రావడానికి కొద్దిసేపు పట్టొచ్చు. పాత వాల్వు రేడియో స్విచ్చు వేశాక గొంతు విప్పడానికి అరనిమిషం ఎలా తీసుకునేదో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. అది ప్రతిరోజూ వేడెక్కడం. జీవితంలో ఒక్కసారి జరిగే సంస్కారం కాదు. ఇక తీగలు... రాగితీగకు కూడా రెండొందల గంటల బ్రేక్-ఇన్ కావాలనేవాళ్లున్నారు. అందులో కదిలేదీ లేదు, సాగేదీ లేదు. మన ఇంటి గోడలో ఇరవయ్యేళ్లుగా కరెంటు మోస్తున్న తీగ ఫ్యాను గాలిని తియ్యగా మార్చిన దాఖలా లేదు.

సరే, మరి టీచరుగారి స్పీకర్లలో గొంతు ముక్కుతో ఎందుకు పలికింది? అసలు దోషుల్ని వెతకాల్సింది ఇక్కడే. మొదటి అనుమానం గది మీద.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతాలు కర్నూలు జిల్లాలోవి. ఇళ్ల తీరులో ఆ చుట్టరికం ఇంకా కనిపిస్తుంది. కింద నున్నటి నాపబండలు. చుట్టూ గట్టి గోడలు, వాటికి సున్నమో పెయింటో. పైన స్లాబు. వేసవికి ఇంతకంటే హాయి లేదు. మధ్యాహ్నం ఒట్టి బండమీద పడుకుంటే ఏసీ ఎందుకనిపిస్తుంది. కానీ పాటకు మాత్రం ఈ గది శత్రువు. స్పీకర్ నుంచి వెలువడిన ధ్వని బండ మీద, గోడ మీద, స్లాబు మీద పడి తిరిగొస్తుంది. గాయకుడు తరువాతి అక్షరం ఎత్తుకునేసరికి ముందు అక్షరం ఇంకా గదిలోనే తిరుగుతుంటుంది. చప్పట్లు కొడితే ‘టంగ్’మని మోగే గదిలో ఎంత ఖరీదైన స్పీకరైనా గీరుతున్నట్టే ఉంటుంది.

దీన్ని మొదట లెక్కగట్టినవాడు వాలెస్ సబైన్. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో కొత్తగా కట్టిన ఓ లెక్చర్ హాల్లో మేస్టారు చెప్పేది ఒక్క ముక్కా అర్థమయ్యేది కాదు. ఒకసారి పలికిన మాట అయిదున్నర సెకన్లపాటు హాల్లో తిరుగుతూనే ఉండేది. దాని సంగతేంటో చూడమని భౌతికశాస్త్రం చెప్పే కుర్ర అధ్యాపకుడు సబైన్‌ను పురమాయించారు. ఆయనేం చేశాడంటే... పక్కనున్న థియేటర్ కుర్చీల మీది మెత్తలు రాత్రిపూట మోయించి తెచ్చి హాల్లో పరిచాడు. కొన్ని పరచడం, ఆర్గాన్ గొట్టం మోగించడం, శబ్దం ఎన్ని సెకన్లకు చచ్చిపోతుందో గడియారంలో చూడటం. ఇంకొన్ని పరచడం, మళ్లీ చూడటం. ఊరంతా నిద్రపోయాక మొదలుపెట్టి, తెల్లారేలోపు మెత్తలన్నీ యథాస్థానానికి చేర్చేసేవాళ్లు. గదుల ధ్వనిశాస్త్రం అలా మెత్తలు మోస్తూ పుట్టింది. ఆ లెక్కలతోనే కట్టిన బోస్టన్ సింఫనీ హాలు 1900లో తెరుచుకుంది. ప్రపంచంలో సంగీతానికి అనువైన హాళ్ల పేర్లు చెప్పమంటే ఇప్పటికీ అది ముందు వరసలో ఉంటుంది.

టీచరుగారికి హార్వర్డ్ అక్కర్లేదు. మంచం మీది పరుపు తెచ్చి స్పీకర్లకు ఎదురుగోడకు ఆనించి, బండమీద ఓ బొంత పరిచి, అదే పాట పెడితే చాలు. వంద గంటల్లో రాని మార్పు పది నిమిషాల్లో వస్తుంది. తర్వాత ఆ పరుపు స్థానంలో పుస్తకాల అలమరో, మందపాటి కర్టెనో, గుడ్డ సోఫానో వచ్చి చేరొచ్చు. స్పీకర్లను గోడ మూలల్లోంచి రెండడుగులు ముందుకు లాగితే బేస్ గుబగుబలు తగ్గుతాయి. బేస్ చాలడం లేదంటే మళ్లీ కాస్త వెనక్కి. ట్వీటర్ కూర్చున్నవాడి చెవి ఎత్తులో ఉండాలి. వీటిలో దేనికీ రూపాయి ఖర్చు లేదు. అందుకే కాబోలు వీటి గురించి ప్రకటనలు రావు.

మన పల్లెల్లో ఒకప్పుడు స్పీకర్‌ను మట్టికుండ మూతి మీద బోర్లించి పాటలు వినేవాళ్లు. కుండ లోపలి గాలి ఒకానొక ధ్వనికి తోడుపలికి బేస్‌ను ఉబ్బించేది. పాట ఏదైనా ఆ ఒక్క స్వరమే ‘బుమ్ బుమ్’ మనేది గానీ, అప్పటికదే గొప్ప. ఖాళీగా ఉన్న కాంక్రీటు గది కూడా పెద్ద కుండే. తనకు నచ్చిన స్వరాన్ని పెంచుతుంది, నచ్చనిదాన్ని మింగేస్తుంది. స్పీకర్ ఎన్ని గంటలు పాడినా కుండ బుద్ధి మారదు.

రెండో దోషి అతి చిన్నది. ఎర్రతీగ, నల్లతీగ. యాంప్లిఫైయర్ నుంచి ఒక స్పీకర్‌కు సరిగా కలిపి, రెండోదానికి అటుదిటుగా కలిపితే ఒకటి గాలిని ముందుకు తోసే క్షణంలో రెండోది వెనక్కి లాగుతుంది. బేస్ రెండింటి మధ్యా కొట్టుకుపోతుంది. గొంతు మధ్యలో నిలబడకుండా ఎటో పక్కల్లో పలుచగా తేలుతుంది. టీచరుగారు విన్నది దాదాపు ఇదే కావచ్చు. దీన్ని పట్టుకోవడానికి మార్కాపురం ఆకాశవాణి ఎఫ్‌ఎం చాలు. వార్తలు చదివే గొంతు పెట్టి, రెండు స్పీకర్లకూ సరిగ్గా మధ్యన కూర్చోవాలి. చదివేవాళ్లు ఎదురుగా గోడలో కూర్చుని చదువుతున్నట్టు వినిపిస్తే తీగలు సరిగ్గా ఉన్నట్టు. ఎక్కడినుంచి వస్తోందో తెలియకపోతే యాంప్లిఫైయర్ ఆపి, ఒక్క స్పీకర్ తీగలు మార్చి మళ్లీ వినాలి. ఇంత చిన్న తప్పును ‘ఇంకా ఓపెన్ కాలేదు’ అనుకుని నెలలపాటు భరించి, చివరికి దానికే అలవాటుపడిపోయే ప్రమాదం ఉంది. వంద గంటల సలహాలో అన్నిటికంటే పెద్ద నష్టం ఇదే. చెవి రాజీపడిపోతుంది.

మూడోది నిజమైన లోపం. ట్వీటర్ దగ్గర చెవి పెడితే ఏమీ వినపడకపోవడం. మెల్లటి పాటలోనూ ఊఫర్ నుంచి గరగర. ఒకవైపు గట్టిగా, ఒకవైపు నీరసంగా పలకడం. పాట ఆపినా ‘హుమ్’మనే మోత. వీటిలో ఏ ఒక్కటీ గంటలు గడిస్తే నయమయ్యే జబ్బు కాదు. వాయిస్ కాయిల్ సందులో గీసుకుంటుంటే అది రోజురోజుకీ పెరుగుతుందేగానీ తగ్గదు. ఫోన్‌లో దొరికే టోన్ జనరేటర్‌తో ఇరవై హెర్ట్జ్ నుంచి రెండొందల దాకా మెల్లగా, తక్కువ వాల్యూమ్‌లో పెంచుకుంటూ వస్తే గరగర ఎక్కడుందో దొరికిపోతుంది. అయితే నింద వేసేముందు అటక మీది స్టీలు గిన్నెల్ని, షోకేసు అద్దాల్ని ఓసారి చేత్తో పట్టుకుని చూడాలి. చాలా ఇళ్లలో ‘కొత్త స్పీకర్ మోత’ ఆ గిన్నెలదే!

స్పీకర్ పెట్టిన బల్లే ఊగుతుంటే మాత్రం మందు ఊళ్లోనే ఉంది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దని తరం తెలుగునాట తక్కువ. ఆ పలకరాయినే విదేశాల్లో గ్రామఫోన్ ప్రియులు నెత్తిన పెట్టుకుంటున్నారు. 1950ల నాటి గారార్డ్ 301 లాంటి పాత ఇంగ్లిష్ టర్న్‌టేబుళ్లకు పలకరాతి పీఠాలు చేయించుకుంటారు. అమెరికాలో ఓస్వాల్డ్స్ మిల్ ఆడియో అనే సంస్థ పెన్సిల్వేనియా పలకరాయితో టర్న్‌టేబుళ్లే తయారుచేస్తుంది. బరువైన రాయి, పైగా పొరలు పొరలుగా ఉండటంతో గంటలా మోగకుండా కంపనాన్ని మింగేస్తుందన్నది వాళ్ల లెక్క. బిలియర్డ్స్ బల్లల కింద పరిచేదీ ఈ జాతి రాయే. మార్కాపురం చుట్టుపక్కల క్వారీల రాయి నేలకూ గోడలకూ టైల్స్‌గా ఎంతెంత దూరమో పోతోంది. ఓ మందపాటి ముక్క కోయించి ఊగే టీపాయ్ మీద వేస్తే టీపాయ్ నోరు మూస్తుంది. నాపబండ మీదే స్టాండు నిలబెట్టినవాళ్లకు ఆ అవసరమూ లేదు.

ఇంత చెప్పినా ‘లేదు, మా స్పీకర్లు నలభయ్యో గంటలో విచ్చుకున్నాయి’ అనేవాళ్లకు ఓ మంచి పరీక్ష ఉంది. స్పీకర్లు జతగా వస్తాయి కాబట్టి ఇది ప్రతి ఇంట్లోనూ సాధ్యమే. మొదటిరోజు రెండింటినీ ఒకే చోట మార్చిమార్చి పెట్టి విని, తేడా లేదని నిర్ధారించుకోవాలి. తర్వాత ఒకదాన్ని డబ్బాలో పెట్టేసి, రెండోదాన్ని మాత్రమే మోగించాలి. వెనక్కిచ్చే గడువు ముగియడానికి రెండ్రోజుల ముందు డబ్బాలోదాన్ని బయటికి తీయాలి. మధ్యలో ఓ దుప్పటి కట్టి, ఇంట్లో ఎవరినైనా దాని వెనక నిలబెట్టి, నాణెం ఎగరేసి బొమ్మ పడితే పాతది, బొరుసు పడితే కొత్తది అదేచోట పెట్టి వినిపించమనాలి. వినేవాళ్లు ఏది ఏదో చెప్పాలి. అలా పదిసార్లు. పదికి తొమ్మిదిసార్లో, పదిసార్లో సరిగ్గా చెబితే నిజంగా తేడా ఉందనుకోవచ్చు. గుడ్డిగా చెప్పినా అన్నిసార్లు కుదరడం వందకు ఒక్కసారే జరుగుతుంది. అయిదో ఆరో కుదిరితే... నాణెం కూడా అంతే చెప్పగలదు. పిల్లలకు ఈ ఆట బాగా నచ్చుతుంది. వాళ్ల చెవులు పెద్దల చెవుల కంటే పైస్థాయి ధ్వనులు బాగా పట్టుకుంటాయి కూడా.

కంపెనీ మాన్యువల్‌లోనే బ్రేక్-ఇన్ చేయమని రాస్తే మానాల్సిన పనిలేదు. మామూలు వాల్యూమ్‌లో పాటలు వింటూ పోతే అదే జరుగుతుంది. ఫుల్ సౌండ్ పెట్టి తాళం వేసుకుని ఊరెళ్లడం మాత్రం వద్దు. శక్తికి మించి తిప్పితే యాంప్లిఫైయర్ ధ్వనిని నరికి పంపుతుంది, ఆ దెబ్బకు మొదట కాలేది ట్వీటర్. రాగితీగ కూడా వేడెక్కేకొద్దీ బిగుసుకుంటుంది. వంద డిగ్రీలు పెరిగితే దాని నిరోధం దాదాపు నలభై శాతం పెరిగి, స్పీకర్ గొంతు అంతమేరకు తగ్గుతుంది. అసలే మన వేసవి. మనుషుల చెవులకూ హద్దుంది. వారానికి నలభై గంటలు వినేవాళ్లకు ఎనభై డెసిబెల్స్ దాటకూడదంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. పక్కింటివాళ్ల నిద్ర పాడుకాకుండా స్పీకర్లను నలిపే చిట్కా కూడా ఒకటుంది. రెండింటినీ ముఖాముఖి ఆనించి, ఒకదాని తీగలు తారుమారు చేసి, పైన రజాయి కప్పితే లావుపాటి ధ్వనులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఇందాక దోషి అనుకున్నదే ఇక్కడ పనికొచ్చింది. అయ్యాక తీగలు సరిచేయడం మరిస్తే కథ మళ్లీ మొదటికొస్తుంది.

ఫోన్‌లో అవతలివైపు ఎవరున్నా టీచరుగారు అడగాల్సింది వేరు. ‘‘వంద గంటలు సరేనండీ, ఆ వంద గంటలు పూర్తయ్యాక నచ్చకపోతే వెనక్కి తీసుకుంటామని బిల్లు మీద రాసిస్తారా?’’ రాసిస్తే హాయిగా వినొచ్చు. నసిగితే మొదటి వారంలోనే తీగలు, గది, గరగర అన్నీ చూసుకుని, లోపముంటే ఫోన్‌లో కాకుండా రాతపూర్వకంగా చెప్పాలి. ఈమెయిలో, వాట్సాప్ మెసేజో... తేదీ కనపడాలి. గరగర వినిపించేలా ఓ వీడియో తీసి ఉంచుకోవాలి. పని జరక్కపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ఆపైన వినియోగదారుల కమిషన్. అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా, కొన్నవాళ్లు తాము ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకునే వీలు 2019 చట్టం కల్పించింది. గిద్దలూరువాళ్లు దానికోసం హైదరాబాద్ బస్సెక్కక్కర్లేదు.

అప్పటిదాకా అట్టపెట్టె, అందులోని థర్మాకోల్ చెక్కలు, సీలు వేసిన కవర్లు చెత్తలో పడకుండా చూసుకోవాలి. అవి లేకపోతే వస్తువు వెనక్కి తీసుకోనంటారు చాలామంది. పిల్లలు థర్మాకోల్‌తో క్రిస్మస్ పాకో, వినాయకుడి మండపమో కట్టేలోపే దాన్ని అటకెక్కించడం మంచిది. స్టీలు గిన్నెలకు కాస్త దూరంగా.